పాతబస్తీ ఎవరి వారసత్వం?

హైదరాబాదు పాతబస్తీ మీద ముప్ఫై ఏళ్ళుగా ఒకే తగువు నడుస్తోంది. ఒక పక్క సర్కారు, ఇంజినీర్లు, కాంట్రాక్టర్లు. రోడ్డు వెడల్పు కావాలి, మెట్రో రావాలి, నది ఒడ్డు అందంగా తయారు కావాలి అంటారు. ఇంకో పక్క వాస్తుశిల్పులు, చరిత్రకారులు, పాత నవాబీ కుటుంబాలవాళ్ళు, ఇంగ్లీషు పత్రికలు. దేవిడీలు కూలుతున్నాయి, కమాన్లు పగుల్తున్నాయి, వారసత్వ సంపద మట్టి పాలవుతోంది అంటారు. చదువుకున్నవాళ్ళం కాబట్టి మనం పెద్దగా ఆలోచించకుండానే రెండో పక్షంలో చేరిపోతాం. కూల్చేవాడి కంటే కాపాడేవాడు నయం కదా అనుకుంటాం.

ఈ వ్యాసం అడిగే ప్రశ్న ఒక్కటే. ఈ తగువులో వాడ ఎక్కడుంది? జవాబు కూడా ముందే చెప్తున్నాను. వీళ్ళిద్దరూ కొట్లాడుకునేది కట్టడాల గురించి. వాడ గురించి ఇద్దరికీ పేచీ లేదు. ఒకరి నక్షాలో అది అడ్డం, ఇంకొకరి జాబితాలో అది లేనే లేదు.

కట్టినవాడు, కట్టించినవాడు

మొదట మాట దగ్గరే ఆగుదాం. ఇంగ్లీషులో హెరిటేజ్ అన్నదాన్ని మనం 'వారసత్వ సంపద' అని రాసుకుంటున్నాం. మన వూళ్ళలో వారసుడంటే ఎవరు? ఆస్తి వున్నవాడి కొడుకు. పట్టా వున్నవాడి మనవడు. భూమి లేనోడికి, ఇంటి జాగా కూడా కరణం కాగితంలో ఎక్కనోడికి వారసుడు అనే మాటే వర్తించదు. మా తాత నాకు మిగిల్చిందేమిటి అని మాల, మాదిగ కుర్రాడు వెతుక్కుంటే కనబడేవి అప్పు, వెట్టి, కులం పేరు. సంపద అనే మాటకు వారసత్వం అనే మాట తోడయ్యేసరికే సగం జనం గడప బయట వుండిపోయారు.

తెలుగులో ఇంకో సంగతి వుంది. కట్టడం వేరు, కట్టించడం వేరు అని మన భాష తేడా చూపిస్తుంది. 1591లో కులీ కుతుబ్‌షా చార్మినార్ కట్టించాడు అంటాం. కట్టాడు అనం. కట్టించాడు అన్నామంటే కట్టినవాళ్ళు వేరే వున్నారని ఒప్పుకున్నట్టే. భాష ఒప్పుకున్నదాన్ని చరిత్ర పుస్తకం ఒప్పుకోదు. కట్టించినవాడి పేరు పలక మీద వుంటుంది. గుట్టలు పగలగొట్టినవాళ్ళు, సున్నం కాల్చినవాళ్ళు, గచ్చు నూరిన ఆడవాళ్ళు, నీళ్ళు మోసినవాళ్ళు ఏ పలక మీదా లేరు.

కట్టడాలకు రాళ్ళు మోసిన కూలీల సంగతి శ్రీశ్రీ ఎప్పుడో అడిగాడు కదా అని అభ్యుదయ మిత్రులు గుర్తు చేస్తారు. అడిగాడు, నిజమే. కాని ఆ ప్రశ్న కూలీ అనే మాట దగ్గర ఆగిపోయింది. కూలికి కులం వుంది. ఏ పని ఎవరు చెయ్యాలో, పని అయ్యాక ఎవరు ఏ దిక్కున బతకాలో కులం నిర్ణయించింది. కోట కట్టిన చేతులు కోట లోపల కాపురం పెట్టలేదు. ఆ తేడా చెప్పకుండా కూలీలందరినీ ఒకే ముద్దగా చూస్తే, పాతబస్తీ నక్షాలో మెహతర్ వాడ ఎందుకు ఆ మూలనే వుందో ఎప్పటికీ అర్థం కాదు.

జాబితాను చదువుదాం

సాహిత్య విమర్శలో కథను, కవితను చదివినట్టే ప్రభుత్వ జాబితాను కూడా చదవొచ్చు. అదీ ఒక రచనే. ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, ఎవర్ని వొదిలేశారు అని అడగొచ్చు.

హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ జోనింగ్ నిబంధనల్లో 1995 డిసెంబరులో 13వ నిబంధన వచ్చింది. పాత కట్టడాన్ని కూల్చాలన్నా మార్చాలన్నా ముందుగా అనుమతి తీసుకోవాలని చెప్పింది. 1998లో 137 కట్టడాల జాబితా ప్రకటించారు. అప్పటికి అది మంచి అడుగే, అందులో అనుమానం లేదు. దివాన్ దేవిడీలాంటివి అంతకు ముందే చాలావరకు పోయాయి. వాటి జాగాలో దుకాణాల సముదాయాలు లేచాయి.

ఆ జాబితాలో ఏమున్నాయి? మహళ్ళు, దేవిడీలు, మసీదులు, గుళ్ళు, చర్చీలు, ఆస్పత్రులు, కాలేజీలు, అధికారుల బంగళాలు. వీటికి తోడు తొమ్మిది చోట్ల రాతిగుట్టలకు కూడా ఆ నిబంధన కింద రక్షణ దొరికింది. రాళ్ళను కాపాడటం తప్పు కాదు. రెండున్నర వందల కోట్ల ఏళ్ళ రాయి పోతే మళ్ళీ రాదు. కాని ఒక్కసారి ఆలోచించండి. మనిషి చెయ్యి పడని బండలో సంస్కృతిని చూడగలిగిన కన్నుకు, నాలుగు తరాలుగా మనుషులు బతికిన వాడలో చూడదగింది ఏమీ కనపడలేదు.

ఇది ఎవరి దురుద్దేశమో కానక్కర్లేదు. లోపం కొలతలోనే వుంది. శిల్పం చూస్తారు, శైలి చూస్తారు, కట్టించినవాడి ఘనత చూస్తారు. ఈ మూడూ డబ్బుతో వచ్చేవే. రేకుల కప్పుకు శైలి వుండదు. మట్టి గోడకు వాస్తుశిల్పి పేరు వుండదు. కమిటీలో కూర్చునే వాస్తుశిల్పి, ఇంజినీరు, చరిత్రకారుడు తమ చదువు నేర్పిన కొలతే పట్టుకుని నడుస్తారు. ఆ చదువు ఎవరి ఇళ్ళలోంచి వచ్చిందో మళ్ళీ చెప్పక్కర్లేదు.

ఇక్కడే 'గంగా జమ్నీ తెహజీబ్' సంగతి కూడా మాట్లాడుకోవాలి. పాతబస్తీ హిందూ ముస్లిం కలయికకు నిలయం అని, నవాబుల దేవిడీల పక్కనే కాయస్థ రాజాల దేవిడీలు వున్నాయని రుజువు చూపిస్తారు. ఆ కలయిక నిజమే. మతం పేరుతో పాతబస్తీని చీల్చాలనుకునేవాళ్ళ ముందు దాన్ని నిలబెట్టాల్సిందే. కాని దేవిడీకీ దేవిడీకీ మధ్య దోస్తానాను ఊరంతటి సామరస్యంగా చూపిస్తే ఎట్లా? ఆ రెండు దేవిడీల దొడ్లూ కడిగిన మనిషి ఏ తెహజీబులో వుంది? నిజమైన కలయిక ఇంకో చోట వుంది. దళితులు, వెనకబడిన కులాలవాళ్ళు, బీద ముస్లింలు ఒకే గల్లీలో ఒకే నల్లా దగ్గర బిందెలు పెట్టుకున్న చోట వుంది. దానికి ఏ జాబితాలోనూ నెంబరు లేదు.

బడి కూడా చరిత్రే

మనకు ఈ నగరంలో చరిత్ర లేక కాదు. భాగ్యరెడ్డి వర్మ 1888లో ఇక్కడే పుట్టాడు. 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మన్యసంఘం పెట్టాడు. ఇసామియా బజారులో, లింగంపల్లిలో అంటరాని పిల్లలకు బడులు తెరిచాడు. ఆ బడులు పెరిగి ఇరవై దాటాయి, చివరికి నిజాం సర్కారు తీసుకుంది. 1917లో బెజవాడ సభకు అధ్యక్షుడిగా వెళ్ళి, పంచములు అనే పేరు మాకొద్దు, మేం ఈ నేల ఆదివాసులం అని వాదించి ఆది ఆంధ్ర పేరు నిలబెట్టాడు. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యంలోని అంటరానివాళ్ళు ఆది హిందువులుగా ఎక్కారంటే దాని వెనక ఈ కృషి వుంది. అరిగె రామస్వామి, బి.ఎస్. వెంకట్రావు, శ్యాంసుందర్‌ల ఉద్యమాలు ఈ గల్లీల్లోనే నడిచాయి. ఆ ఉద్యమాల కథను అందులో వున్న పి.ఆర్. వెంకటస్వామి 1955లో ఇంగ్లీషులో పుస్తకంగా రాసిపెట్టాడు.

ఇప్పుడు మన విద్యార్థుల్ని పాతబస్తీకి తీసుకుపోయి, ఈ చరిత్ర నడిచిన చోట్లు చూపించమంటే ఏం చూపిస్తాం? చౌమహల్లా చూపించగలం. దాన్ని చక్కగా బాగుచేసి 2005లో జనానికి తెరిచారు, 2010లో యునెస్కో వాళ్ళ అవార్డు కూడా వచ్చింది. టిక్కెట్టు కొని లోపలికి పోతే షాండ్లియర్లు, బగ్గీలు, కార్లు కనపడతాయి. భాగ్యరెడ్డి వర్మ మొదటి బడి జాగా ఇదీ అని చెప్పే పలక ముందు పిల్లల్ని నిలబెట్టే వీలు మనకెక్కడుంది? బస్తీలో నడిచిన బడికి కమాన్లుండవు. కాని ఆ బడిలో అక్షరం దిద్దిన పిల్ల ఒక వెయ్యేళ్ళ నిషేధాన్ని దాటింది. చరిత్రలో అది ఏ మీనారుకు తక్కువ?

తప్పు అవతలివాళ్ళదే కాదు. మనం కూడా ఈ పని చెయ్యలేదు. 2023 ఏప్రిల్ 14న హుస్సేన్ సాగర్ పక్కన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం లేచింది. సంతోషించాం, సంతోషించాల్సిందే. కాని విగ్రహం పెట్టడంతో సర్కారు తన బాకీ తీరిపోయిందనుకుంటుంది. మనమూ తీరిందనే అనుకుంటే, మన ముసలివాళ్ళ నోట్లో వున్న బస్తీ చరిత్ర వాళ్ళతోనే పోతుంది.

నిన్నటి అభివృద్ధి, ఇవ్వాళ్టి వారసత్వం

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. పదిహేను వేల మంది దాకా చనిపోయారంటారు. ఒడ్డున వున్న కోల్సావాడి మొదట కొట్టుకుపోయిన వాడల్లో ఒకటి. పేరులోనే బొగ్గు వుంది, అక్కడ ఎవరు బతికేవాళ్ళో వేరే చెప్పాలా? అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది బతికారు. ఆ చెట్టు ఇంకా వుంది. దాని దగ్గర ఏటేటా స్మరించుకుంటారు. మంచిదే. కోల్సావాడి పేరు మాత్రం చాలామందికి తెలియదు.

వరద తర్వాత విశ్వేశ్వరయ్య వచ్చాడు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలు తీసేసింది, రోడ్లు వెడల్పు చేసింది, పత్తర్‌గట్టీ రాతి కమాన్లు లేపింది, నది ఒడ్డున తోటలు, పెద్ద పెద్ద కట్టడాలు వచ్చాయి. అప్పట్లో ఇదంతా అభివృద్ధి. ఇవ్వాళ అదే పత్తర్‌గట్టీ, అదే ఉస్మానియా ఆస్పత్రి, అదే హైకోర్టు వారసత్వ సంపద.

కాబట్టి వారసత్వం, అభివృద్ధి పుట్టుకతో శత్రువులనే మాట నిజం కాదు. అభివృద్ధి పేరుతో వాడను తీసేసి కట్టిందే ఎనభై ఏళ్ళకు వారసత్వమయింది. రెండుసార్లూ లెక్కలోకి రానిది వాడే. అయితే ఆ బోర్డుకు ఒక న్యాయం చెప్పాలి. బస్తీలు తీసేసిన బోర్డే నాంపల్లి, మల్లేపల్లి లాంటి చోట్ల బీదలకు చిన్న ఇళ్ళు వరసలుగా కట్టించింది. పని దొరికే నగరంలోనే కట్టించింది. రాచరికం చేసిన ఆ కాస్త పనిని ప్రజాస్వామ్యం కొలబద్దగానైనా పెట్టుకోలేదు.

2015

ఈ రెండు పక్షాల తగువు ఎట్లా వుంటుందో చూడాలంటే 2015 సంవత్సరం చాలు. ఆ ఏడు వానాకాలంలో ఉస్మానియా ఆస్పత్రి పాత కట్టడాన్ని కూల్చి కొత్తది కడతామని సర్కారు అంది. నగరం లేచింది. సంతకాలు, సభలు, వ్యాసాలు. సర్కారు వెనక్కి తగ్గాల్సి వచ్చింది. డిసెంబరులో 13వ నిబంధననే తీసిపారేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 2019లో ఎర్రం మంజిల్ కూల్చి శాసనసభ కడతామంటే అదే సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. వ్యాజ్యం వేసినవాళ్ళకు జేజేలు చెప్పాల్సిందే. ప్రజల ఆస్తిని ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు కూల్చకూడదు.

కాని అదే 2015 జులైలో ఇంకోటి జరిగింది. మునిసిపల్ పారిశుధ్య కార్మికులు జీతాల కోసం సమ్మె చేశారు. సర్కారు జీతం పెంచుతామంది, అయినా సమ్మె విడవనివాళ్ళను పని నుంచి తీసేసింది. చార్మినార్ ముందు తెల్లారకముందే చీపురు పట్టే ఆడవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. ఆ తర్వాత కేంద్రం 'స్వచ్ఛ్ ఐకానిక్' స్థలాల రెండో విడత పదింటిలో చార్మినార్‌ను చేర్చింది. శుభ్రతకు పేరు చార్మినార్‌కు వచ్చింది. ఉస్మానియా గోడల కోసం లేచిన గొంతులు, చీపురు చేతుల కోసం లేచిన గొంతులు ఒకే సభలో వినపడ్డట్టు నాకు గుర్తు లేదు.

నిజాం కాలపు డ్రైనేజీ ఎంత గొప్పదో అని మురిసిపోయే వ్యాసాలు ఏటా వానాకాలంలో వస్తాయి. పైపు గొప్పదే. అందులోకి దిగిందెవరు? పాకీపనిని 1993లో చట్టం నిషేధించింది, 2013లో ఇంకో చట్టం వచ్చింది. మురుగు గుంతలో చచ్చిపోయిన మనిషి కుటుంబానికి పది లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో ముప్ఫై లక్షలు చేసింది. చావు ధర పెరిగింది, దిగే కులం మారలేదు. పాతబస్తీ వారసత్వమంటే ఇదీ కలిపి చెప్పాలి.

ఎర్ర రంగు గుర్తులు

ఇప్పటి సంగతికి వద్దాం. 2024 మార్చి 8న పాతబస్తీ మెట్రోకు శంకుస్థాపన జరిగింది. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లు. దారిలో మసీదులు, దర్గాలు, ఆషూర్‌ఖానాలు, గుళ్ళు, పాత కట్టడాలు వందకు పైగా వున్నాయని, వాటిని తాకకుండా కడతామని అధికారులు చెప్పారు. దాదాపు వెయ్యినూరు ఆస్తులకు దెబ్బ తగులుతుందని లెక్క. గజానికి 81,000 రూపాయల పరిహారం. 2025 జనవరి నుంచి కూల్చివేతలు మొదలయ్యాయి.

ఈ లెక్క జాగ్రత్తగా చదవండి. దేవుడికి మినహాయింపు వుంది. వారసత్వానికి మినహాయింపు వుంది. యజమానికి గజాల లెక్కన పరిహారం వుంది. ఆ దుకాణం మెట్ల మీద ముప్ఫై ఏళ్ళుగా చెప్పులు కుట్టినోడికి ఏముంది? గజాల్లేని మనిషికి గజాల లెక్క ఎట్లా కడతారు? 2013 భూసేకరణ చట్టం నష్టపోయే కుటుంబం అంటే యజమాని కుటుంబం అని మాత్రమే చెప్పలేదు. మూడేళ్ళుగా ఆ చోట కిరాయికి వుండి, చేతిపని చేసుకుని, కూలి చేసి బతికేవాళ్ళ జీవనాధారం పోతే వాళ్ళూ నష్టపోయినవాళ్ళే అంది. ఆ వాక్యాన్ని బస్తీల్లో చదివి వినిపించాల్సిన పని మనది.

మూసీ దగ్గర ఇంకా స్పష్టంగా కనపడింది. 2024 సెప్టెంబరులో చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో 'ఆర్‌బీ-ఎక్స్' అని రాశారు. నది గర్భంలో వుంది, కూల్చాలి అని అర్థం. అక్టోబరు మొదట్లో కూల్చారు. దళితులు, బీసీలు, ముస్లింలు కలిసి బతికే బస్తీలవి. డబుల్ బెడ్‌రూం ఇళ్ళిచ్చాం కదా అంటారు. కొందరికి ఇచ్చారు, వరద భయం లేని ఇల్లు కావాలని కోరుకున్నవాళ్ళూ వున్నారు, కాదనను. కాని ఇల్లంటే గోడలు మాత్రమేనా? నాలుగిళ్ళలో పాచిపని, పిల్లల బడి, అప్పిచ్చే కిరాణా కొట్టు, చావుకొస్తే భుజం పట్టే పొరుగు. వీటికి తాళంచెవి ఎవరిస్తారు? కిరాయికి వున్నవాళ్ళ లెక్క ఎవరు రాస్తారు?

ఈ చాదర్‌ఘాట్‌తోనే ఆది హిందూ ఉద్యమానికి సంబంధం వుంది. వారసత్వ గుర్తులకు నల్లరాతి పలకలు పెట్టే నగరంలో మనవాళ్ళ చరిత్ర నడిచిన చుట్టుపక్కల గోడలకు దొరికిన గుర్తు ఎర్ర రంగు.

వల

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. వారసత్వమంటే పైకులాల, నవాబుల వ్యామోహం అని మనం తిడితే, ఆ మాటను బుల్‌డోజర్ నడిపేవాడు సంతోషంగా ఎత్తుకుంటాడు. బీదలకు ఆస్పత్రి కడతామంటే ఈ పెద్దలు అడ్డం పడుతున్నారు అంటాడు. ఆస్పత్రికి వచ్చేది మనవాళ్ళే కాబట్టి మనకూ ఆ మాట తియ్యగా వినపడుతుంది. కాని పదేళ్ళపాటు ఆ పాత కట్టడం పక్కన ఖాళీ జాగాలో కొత్త వార్డులు కట్టకుండా ఎవరూ చేతులు పట్టుకోలేదు. చివరికి 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆస్పత్రికి శంకుస్థాపన చేశారు. పాతది కూల్చకుండానే కొత్తది కట్టొచ్చని తేలింది కదా. మధ్యలో పోయిన పదేళ్ళు ఎవరివి? రోగులవి.

కాబట్టి మన విమర్శ కట్టడం మీద కాదు. చార్మినార్ మనది కూడా. కట్టిన చేతుల తరఫున చూస్తే మనదే ఎక్కువ. కూల్చండి అని మనం అనం. కాపాడినప్పుడు ఏది కాపాడుతున్నారు, ఎవర్ని తోసేసి కాపాడుతున్నారు అని అడుగుతాం.

అడగాల్సినవి కొన్ని వున్నాయి. జాబితా కొలత మారాలి. శిల్పంతో పాటు శ్రమనూ పోరాటాన్నీ చూడాలి, బడి, సభాస్థలం, వాడ అందులో చేరాలి. ఆ కమిటీల్లో వాడ మనుషులు వుండాలి. ఏ ప్రాజెక్టు వచ్చినా మొదట పట్టా లేనివాళ్ళ జాబితా తయారు కావాలి, కిరాయిదారు పేరుతో, బండి పెట్టుకున్నవాళ్ళ పేరుతో సహా. వాళ్ళకు చోటు పని దొరికే దూరంలోనే ఇవ్వాలి. పాత కట్టడం చుట్టూ పనిచేసే పారిశుధ్య కార్మికుల ఉద్యోగం పర్మినెంటు కావాలి.

ఇవి సర్కారును అడిగేవి. మనం చెయ్యాల్సింది మనమే చెయ్యాలి. ఈ పత్రిక చదివే విద్యార్థులు, టీచర్లు ఎవరి బస్తీకి వాళ్ళు వెళ్ళి ముసలమ్మల దగ్గర కూర్చోండి. ఈ వాడ ఎప్పుడు పడింది, ఎక్కడి నుంచి వచ్చారు, ఎన్నిసార్లు లేపారు, ఎవరు బడి పెట్టారు అని అడిగి రాసుకోండి. తేదీలు సరిగా రాకపోయినా వరద ముందా వెనకా, పోలీసు చర్య ముందా వెనకా అని వాళ్ళు చెప్పగలరు. ఆ రాతలన్నీ ఒకచోట పెడితే అది మన జాబితా అవుతుంది. రేపు గోడ మీద ఎర్ర రంగు వేయడానికి వచ్చినవాడి ముందు అది పట్టాకు సమానం కాకపోవచ్చు. కాని ఇక్కడ ఎవరూ లేరు, ఇది ఖాళీ ఒడ్డు అని అతను అనకుండా ఆపటానికి అది పనికొస్తుంది.